అప్‌డేట్: అమ్మ మోకాలి నొప్పి (పర్లాకిమిడి)

పోయిన నెల అడిగింది ఇదీ: అమ్మకు 62 ఏళ్లు, కుడి మోకాలు నొప్పి, ఎక్స్‌రేలో "పెద్దగా ఏం లేదు" అన్నారు, మరి నొప్పెందుకు?

మీలో ఒకరు చెప్పిందే నిజం. ఆ ఎక్స్‌రే పడుకోబెట్టి తీసింది. బరంపురంలో నిలబెట్టి తీయిస్తే లోపలి వైపు కీలు సందు బాగా తగ్గి కనిపించింది. పడుకుంటే ఒంటి బరువు కీలు మీద పడదు, అందుకే సందు మామూలుగా ఉన్నట్టే ఉంటుంది. పొద్దున్న బిగుసుకుపోవడం పది నిమిషాల్లో సర్దుకుంటోంది, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్త పరీక్ష) మామూలే. కాబట్టి రుమటాయిడ్ (కీళ్లవాతం) కాదు, కీలు అరుగుదలే అన్నారు.

బీపీ ఉంది కనుక నొప్పి మాత్రలు రోజూ వద్దన్నారు. ఒక శాతం డైక్లోఫెనాక్ జెల్, ఒక్కోసారి 4 గ్రాములు, రోజుకు నాలుగుసార్లు. బఠాణీ గింజంత రాస్తే పనిచెయ్యదు, మేం చేసిన తప్పు అదే.

అసలు మందు వ్యాయామం. కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించి 5 సెకన్లు. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. మొదటి వారం కాస్త నొప్పి పెరిగితే మానకూడదు, లెక్క తగ్గించాలి. మోకాలు వాస్తే మాత్రం ఆగాలి.

నొప్పి కుడి మోకాలికి కనుక చేతికర్ర ఎడమ చేతిలోకి మారింది. కత్తిపీట అటకెక్కింది, కూరలు బల్ల మీదే. మోకాలి గుజ్జు పెరుగుతుందని అమ్మే మాత్రలు కొనలేదు.