మందిరంలో బాప్తిస్మపు తొట్టి: వేదిక కింద కట్టొచ్చా?

సంఘ కార్యదర్శి, గుంటూరు

అందరికీ వందనాలు. మాది చిన్న బాప్టిస్టు సంఘం, మనిషిని పూర్తిగా నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తాం. ఆదివారం 110 మంది దాకా కూడుకుంటాం. ఏడాదికి బాప్తిస్మాలు 10, 15కి మించవు. ఇంతవరకూ కాలువకే వెళ్తున్నాం. వేసవిలో కాలువలు కట్టేస్తారు, వానాకాలంలో నిలబడలేనంత ఉరవడి. అందుకని ఈస్టర్ లోపు మందిరంలోనే తొట్టి కట్టాలని సంఘ సమావేశంలో తీర్మానం అయింది.

హాలు పొడవు 40 అడుగులు, వెడల్పు 24. వేదిక ఎత్తు 2 అడుగులు. వేదిక మధ్యలో నేలలోకి ఇంకో 2 అడుగులు తవ్వి, 6 అడుగులకు 4 అడుగులు, లోతు 4 అడుగులు, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కట్టి, లోపల వాటర్‌ప్రూఫ్ కెమికల్ పూసి టైల్స్ వేస్తే సరిపోతుందని మేస్త్రి అంటున్నాడు. మామూలు ఆదివారాల్లో పైన చెక్కలు పరిచి పల్పిట్ (ప్రసంగ పీఠం) పెట్టుకోవాలి. నేల నల్లరేగడి. ఈ లెక్క నిలుస్తుందా? నీళ్లు నింపడం, తీయడం ఎలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సివిల్, అమరావతి రోడ్డు

కార్యదర్శిగారూ, తవ్వకం మొదలెట్టకముందు ఒక పని చేయండి. మీ వీధి కాలువ అడుగు మట్టం, హాలు లోపలి నేల మట్టం లెవెల్ పైపుతో కొలిపించండి. మన ఊళ్లో రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే వేస్తారు కాబట్టి పాత మందిరాలు చాలావరకు రోడ్డు కంటే పల్లంలో పడ్డాయి. మీరు నేలలోకి 2 అడుగులు దిగితే తొట్టి అడుగు వీధి కాలువ కంటే కిందికి పోతుంది. అప్పుడు వాల్వు తిప్పితే నీళ్లు బయటికి పోవు సరికదా, వాన పడితే బయటి మురుగు లోపలికి ఎదురొస్తుంది. ఇలాంటి తొట్లలో ఎక్కువ పాడుపడేది ఇక్కడే.

దీనికి రెండు దారులు. వేదికను 3 అడుగులకు పెంచి తవ్వకాన్ని 1 అడుగుకు తగ్గించడం ఒకటి. అప్పుడు వాలు దొరికితే 3 అంగుళాల పైపు, గోడ బయట గేట్ వాల్వు పెట్టండి. వాలు దొరక్కపోతే పైపు ఆలోచనే మానేసి తొట్టి అడుగున ఒక మూల 1 అడుగు చదరం, 9 అంగుళాల లోతు గుంట వదలండి. అర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ అందులోకి దించితే అరగంట, ముప్పావుగంటలో తొట్టి ఖాళీ. ఆ మోటారు నీళ్లు తీసేటప్పుడు మాత్రమే తొట్టిలో ఉండాలి.

ఇక కొలత. 6×4 చాలదు. మేస్త్రి మెట్లను లెక్కలోకి తీసుకోలేదు. 4 అడుగుల లోతుకు మెట్టుకు 7 అంగుళాల ఎత్తు అనుకుంటే 7 ఎక్కులు వస్తాయి. అంటే 6 మెట్లు. ఒక్కో మెట్టు 10 అంగుళాల వెడల్పున్నా మెట్లకే 5 అడుగులు పోతుంది. మనిషిని వెల్లకిలా ముంచాలంటే పాదాల నుంచి తల దాకా 6 అడుగుల పైన ఖాళీ కావాలి. మొత్తం లోపలి పొడవు పదకొండున్నర అడుగులు పెట్టండి. వెడల్పు 4 అడుగులు చాలు, పాస్టరుగారు పక్కన నిలబడతారు కాబట్టి. నీళ్లు 3 అడుగులు, పైన ఒక అడుగు ఖాళీ. ఇద్దరు దిగితేనే నీటి మట్టం అంగుళంన్నర దాకా లేస్తుంది, ముంచినప్పుడు వచ్చే అల వేరే. 3 అడుగుల మట్టం మీద ఒక 2 అంగుళాల ఓవర్‌ఫ్లో పైపు పెడితే నింపేవాళ్లు మర్చిపోయినా వేదిక తడవదు. ఈ కొలతకు నీళ్లు సుమారు 3,000 లీటర్లు పడతాయి.

ఇటుక గోడ వద్దు. తొట్టి ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగానే ఉంటుంది. వానలకు నల్లరేగడి ఉబ్బి గోడను లోపలికి తోస్తుంది, ఎండలకు కుంచించుకుని గోడ వెనక సందు వదులుతుంది. సరిగ్గా ఆ ఎండల్లోనే మీరు నీళ్లు నింపితే గోడ బయటికి వంగుతుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక ఈ రెండు వైపుల తోపుడుకూ ఆగదు. పగులు టైల్ వెనక ఉంటుంది గనక కనిపించదు. కారిన నీళ్లు హాలు పునాది కిందికి చేరి అక్కడి రేగడిని ఉబ్బిస్తాయి. చివరికి పగిలేది హాలు గోడ.

6 అంగుళాల మందంతో ఆర్.సి.సి. (ఇనుప ఊచలు వేసిన కాంక్రీటు) పెట్టె కట్టండి, అడుగూ గోడలూ కలిపి. పైన చెప్పిన కొలతకు కాంక్రీటు 100 ఘనపుటడుగుల దగ్గర, సిమెంటు 22 బస్తాలు, 10 ఎం.ఎం. ఊచలు 6 అంగుళాల దూరంలో రెండు దిక్కులా వేస్తే 170 కిలోల చుట్టూ వస్తుంది. మెట్లు, వేదిక మార్పులు ఇందులో లేవు. డ్రాయింగు మాత్రం స్థానిక ఇంజనీరుతో గీయించండి, నా అంకెలు అంచనాకే. నీళ్లు నిలిపే కట్టడానికి ఎం30 రకం గట్టి కాంక్రీటు అడగండి. కింద రేగడిని ఇంకో అడుగున్నర తీసేసి గ్రావెల్ పోసి 6 అంగుళాల పొరలుగా దిమ్మిస కొట్టించాలి. అక్కడ ఇసుక పోస్తే నీళ్లు అందులో నిలుస్తాయి. హాలు గోడ పునాదికి 3 అడుగుల దూరం ఉంచండి.

లీకు వచ్చేది రెండు చోట్ల. ఒకటి, అడుగు స్లాబూ గోడా కలిసే అతుకు. స్లాబు పోసేటప్పుడే గోడను 6 అంగుళాలు పైకి పోసి, ఆ అతుకులో పి.వి.సి. వాటర్ స్టాపర్ పట్టీ పెట్టాలి. రెండు, పైపు దూరిన చోటు. పైపులు కాంక్రీటు పోయకముందే పెట్టాలి. తర్వాత సుత్తి, ఉలి పెట్టి బెజ్జం కొడితే ఎన్ని కెమికల్స్ పూసినా ఆగదు.

కనీసం 10 రోజులు క్యూరింగ్ చేసి (కాంక్రీటును తడుపుతూ ఉంచి), టైల్స్‌కి ముందే నీళ్లు నింపి పరీక్షించండి. నింపిన మొదటి రెండు రోజులు కాంక్రీటు నీళ్లు పీలుస్తుంది, ఆ తగ్గుదల లెక్కలోకి రాదు. మూడో రోజు గోడ మీద గీత గీయండి. పక్కన ఒక బకెట్టులో కూడా నీళ్లు పోసి దాని లోపలా గీత పెట్టండి. వారం తర్వాత రెండు చోట్లా ఒకే మేరకు తగ్గితే అది ఆవిరి. తొట్టిలో ఎక్కువ తగ్గితే లీకు. ఈ వారం ఆగలేక టైల్స్ వేయించేస్తారు చాలామంది.

ఆక్వా మనిషి

10 బాప్తిస్మాలకు ఇంత కట్టడం ఎందుకండీ? చేపలు పెంచే బయోఫ్లాక్ టార్పాలిన్ ట్యాంకు తెచ్చుకోండి. చుట్టూ ఇనుప మెష్, లోపల 650 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 650 గ్రాములు) పి.వి.సి. గుడ్డ. 7 అడుగుల వ్యాసం, 2 అడుగుల 9 అంగుళాల నీళ్లకు 3,000 లీటర్లే పడతాయి. మందిరం ఆవరణలో ఒక పూటలో నిలబెట్టొచ్చు, అయ్యాక కడిగి ఆరబెట్టి మడిచి పెట్టొచ్చు. నేల చదునుగా ఉండాలి, ఒక పక్కకు రెండు అంగుళాలు వాలినా మెష్ అటే వంగుతుంది. కింద రాళ్లు ఏరేసి పాత ఫ్లెక్సీలు రెండు పొరలు పరవండి. లోపల పెట్టే ఇనుప మెట్ల కాళ్లకు రబ్బరు బుష్‌లు తొడగాలి, లేకపోతే గుడ్డ మొదటి రోజే చిరుగుతుంది. గుడ్డ తడిస్తే జారుతుంది గనక అడుగున రబ్బరు మ్యాట్ తప్పనిసరి.

సివిల్, అమరావతి రోడ్డు

ఆక్వా అన్న మాట కొట్టేయలేం. డబ్బు చాలకపోతే రెండు, మూడేళ్లు దాంతో గడపండి. ఇటుకతో అరకొర తొట్టి కట్టడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

సౌండ్ & లైట్స్, బెజవాడ

కరెంటు గురించి ఎవరూ ఎత్తలేదు. 2005లో అమెరికాలో టెక్సస్ రాష్ట్రం వేకోలో ఒక బాప్టిస్టు పాస్టరు తొట్టిలో నిలబడి మైకు పట్టుకోగానే షాక్ తగిలి చనిపోయారు. నీళ్లలో ఉన్న మనిషి చేతికి వైరున్న మైకు ఇవ్వకండి. స్టాండు కూడా తొట్టి అంచు నుంచి చెయ్యి చాపినా అందనంత దూరంలో ఉండాలి. బ్యాటరీతో నడిచే కాలర్ మైకు కూడా తడిస్తే పాడవుతుంది. ప్రశ్నలు అడగడం, సాక్ష్యం చెప్పించడం అన్నీ పైనే ముగించి దిగండి. నీళ్లలో పలికే ఒక్క వాక్యానికి గొంతు చాలు, హాలు నిశ్శబ్దంగానే ఉంటుంది కదా.

వేదిక సర్క్యూటుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించండి, దాని టెస్ట్ బటన్ ఆ ఉదయమే నొక్కి చూడండి. తొట్టి మీద లైటు కావాలంటే 12 వోల్టులదే, అడాప్టరు తడవని చోట. ఎర్తింగ్ ఉందో లేదో తెలియని మందిరాలు చాలా ఉన్నాయి, ముందు అది చూపించుకోండి.

డిసెంబరులో నీళ్లు చల్లగా ఉన్నాయని వాటర్ హీటర్ రాడ్డు వేలాడదీసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ప్రమాదం సంగతి అలా ఉంచితే, దానివల్ల పనికూడా జరగదు. 3,000 లీటర్లు 5 డిగ్రీలు వేడెక్కాలంటే 17 యూనిట్ల కరెంటు కావాలి, 2 కిలోవాట్ల రాడ్డుకు దాదాపు 9 గంటలు. వంద లీటర్లు మరిగించి పోసినా పెరిగేది రెండున్నర డిగ్రీలే. చలికాలంలో మేడ మీద ట్యాంకు నీళ్లు రాత్రంతా చల్లబడి ఉంటాయి, బోరు నీళ్లు మాత్రం గోరువెచ్చగా వస్తాయి. తెల్లవారుజామున బోరు నుంచి నేరుగా నింపుకోండి.

స్త్రీల సమాజం, తెనాలి

మగవాళ్లు సిమెంటు దగ్గరే ఆగిపోయారు. తొట్టి నుంచి బట్టలు మార్చుకునే గదికి దారి ఎటు? తడి బట్టలతో ఆడపిల్లలు సంఘం ముందు నుంచి నడిచి వెళ్లేలా కడితే రెండోసారి ఎవరూ ముందుకు రారు. మెట్ల పై అంచు నుంచి గది తలుపు దాకా తెర, కింద కాయిర్ మ్యాట్, మెట్ల దగ్గర పెద్ద తువ్వాలుతో ఒక అక్క. ఈ మూడూ ఉండాలి.

తెల్ల బట్టలంటే పల్చటి పాలిస్టరు కొంటారు, తడిస్తే ఒంటికి అంటుకుని లోపలంతా కనిపిస్తుంది. మందపాటి నూలు గుడ్డ, లోపల ముదురు రంగు చుడీదారు. చీర అయితే నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, కుచ్చిళ్లు మెట్ల మీద కాళ్లకు చుట్టుకుంటాయి. సంఘం తరఫున గౌన్లు కుట్టిస్తే అంచు మడతలో వలలకు కట్టే సీసపు గుళ్లు నాలుగైదు పెట్టి కుట్టండి, నీళ్లలో గౌను పైకి తేలదు. చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో రెండేసి కుట్టిస్తే మీ సంఘానికి చాలు. మూర్ఛ, ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్ల సంగతి బాప్తిస్మానికి ముందు పెట్టే తరగతుల్లోనే అడిగి రాసుకోండి. నడవలేని పెద్దవాళ్లకు ప్లాస్టిక్ కుర్చీ వేస్తామంటారు, అది నీళ్లలో తేలి మనిషిని పడేస్తుంది. బరువైన స్టీలు స్టూలు వేయండి, ఇద్దరు డీకన్లు (సంఘ పరిచారకులు) చెరోవైపు దిగాలి.

పాస్టరు, బాపట్ల వైపు

ముంచే పద్ధతి గురించి రెండు మాటలు. బాప్తిస్మం తీసుకునేవారు చేతులు రొమ్ము మీద కట్టుకోవాలి. మీ ఎడమచెయ్యి ఆ చేతుల మీద, కుడిచెయ్యి మెడ వెనక, కొంచెం కిందుగా. వాళ్లను మోకాళ్లు వంచమని ముందే చెప్పండి. కాళ్లు బిగబట్టి దుంగలా పడితే పాదాలు పైకి లేచి బరువంతా మీ నడుము మీద పడుతుంది. జేబురుమాలు ముక్కు మీద వాళ్ల చేతనే పట్టించండి. శనివారం సాయంత్రం పొడి తొట్టిలోనే ఒకసారి నిలబెట్టి చూపిస్తే ఆదివారం భయం సగం ఉండదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చినప్పుడు కూడా ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మారారు. కాబట్టి 15 మంది ఉంటే ఇంకో పాస్టరుగారిని పిలుచుకోవడం నామోషీ కాదు.

బాప్తిస్మపు రిజిస్టరులో పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయండి, కొత్త పేరు పెడితే పక్కన రాయండి. తర్వాత ధృవపత్రం అడిగినప్పుడు తేడా వస్తే చిక్కు మీకే. మొదటి ఆదివారం పెట్టుకుంటే అదే ఆరాధనలో సహవాసపు కుడిచెయ్యి ఇచ్చి (కరచాలనంతో సభ్యులుగా చేర్చుకుని), ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారంలో) కూడా చేర్చుకోవచ్చు.

కొత్త సభ్యుడు, విజయవాడ

మా హాలు మొదటి అంతస్తులో ఉంది. పైన కట్టొచ్చా? లేదంటే కృష్ణలోనే ఇవ్వాలి.

సివిల్, అమరావతి రోడ్డు

కట్టకండి. 3 అడుగుల నీళ్లంటే చదరపు అడుగుకు 85 కిలోలు, తొట్టి బరువు, మనుషులు దానికి అదనం. జనం కూడే హాలు స్లాబును మామూలుగా 45, 50 కిలోల లెక్కకు డిజైన్ చేస్తారు. టార్పాలిన్ ట్యాంకు కూడా పైన వద్దు, కింద ఆవరణలో పెట్టుకోండి. కృష్ణ అయితే మెట్లున్న ఘాట్ దగ్గరే, అదీ ముందురోజు నీటి మట్టం కనుక్కుని. బ్యారేజీ దిగువన ఇసుక తీసిన గుంతలు పైకి కనబడవు, గేట్లు ఎత్తితే మట్టం చూస్తుండగానే పెరుగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన సంగతి బెజవాడవాళ్లకు చెప్పక్కర్లేదు. వరద తీశాక నది అడుగు పాత చోట ఉండదు, కర్రతో లోతు చూడకుండా దిగొద్దు.

సంఘ కార్యదర్శి, గుంటూరు

అందరికీ కృతజ్ఞతలు. కాలువ మట్టం కొలిపించాం, వీధి కాలువ అడుగు మా నేలకు 5 అంగుళాలే కింద ఉంది. అంటే మోటారే గతి. ఈస్టర్‌కి టార్పాలిన్ ట్యాంకు, వేసవిలో ఆర్.సి.సి. పని అని పెద్దలు ఒప్పుకున్నారు. ఇంకా రెండు సందేహాలు: పై మూత ఎలా చేయించాలి, నీళ్లలో ఏమన్నా కలపాలా?

సివిల్, అమరావతి రోడ్డు

మూత మీద పల్పిటూ, పాటల బృందమూ నిలబడతాయి గనక ఉత్త ప్లైవుడ్ పనికిరాదు. 4 అడుగుల వెడల్పుకు అడ్డంగా 2 అంగుళాలకు 1 అంగుళం ఇనుప పైపులు, 2 అంగుళాల వైపు నిలువుగా ఉండేలా, అడుగుకొకటి. పైన 18 ఎం.ఎం. మెరైన్ ప్లై. ఇద్దరు ఎత్తగలిగేలా 2 అడుగుల వెడల్పు పలకలుగా చేయించండి. తొట్టి అంచున పలక కూర్చునే గాడి కాంక్రీటులోనే వదలాలి. ఒక పలకకు తాళం పెట్టండి. నీళ్లున్నంతసేపు మూత తీసి హాలు వదిలి వెళ్లకూడదు, సండే స్కూలు పిల్లలు ముందు చేరేది అక్కడికే.

వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున 8 గ్రాముల బ్లీచింగ్ పౌడరు చాలు. బకెట్టులో కలిపి, తేరాక పైనీళ్లు మాత్రమే పోయండి. పొడి నేరుగా చల్లితే అడుగున ముద్దలు మిగిలి గౌన్ల రంగు, కాళ్ల చర్మం రెండూ చెడతాయి. ఆరాధన అయిన రోజే నీళ్లు తీసేయాలి. మోటారు వదిలేసిన ఆఖరి అంగుళం నీళ్లు కూడా గుడ్డతో తుడిచి, ఒక పలక రెండు రోజులు పక్కకు జరిపి ఉంచితే లోపల ఆరుతుంది. మూల గుంటలో చెంబెడు నీళ్లు వదిలినా వారం, పది రోజుల్లో దోమలు పుడతాయి. బోరు నీళ్ల ఉప్పు తెల్ల చారలు కూడా అప్పుడే తుడిస్తే పోతాయి, ఎండితే యాసిడ్ కావాలి, యాసిడ్ టైల్ అతుకుల సిమెంటును తింటుంది. అందుకే అతుకులకు సిమెంటు బదులు ఎపాక్సీ గ్రౌట్ (రెసిన్ పూత) అడగండి. మెట్లకు, అడుగుకు గరుకు టైల్, నున్నటివి గోడలకే.