భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలో తగ్గించడానికి, దాళ్వా (రబీ వరి) గడ్డిని తగలబెట్టే బదులు ఎండబెట్టి పాతిపెట్టవచ్చునా?

కాకినాడ ఇంజనీరు:
గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 420 పాళ్లే కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కనుక, దానిని యంత్రాలతో వేరుచేయడానికి పెద్ద ఫ్యాన్లు, వేడి, విద్యుత్తు కావాలి. ఆ పనిని వరి మొక్క ఎండతోనే చేస్తోంది. ఎండిన టన్ను గడ్డిలో దాదాపు 400 కిలోల కార్బన్, అంటే ఒకటిన్నర టన్నులకు దగ్గరగా కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్టు. పంటను ఎండబెట్టి, ఉప్పు కలిపి, తేమ చొరబడని పొరల మధ్య పాతిపెడితే వేల ఏళ్లు కుళ్లదని యాబ్లోనోవిచ్, డెక్‌మన్ అనే పరిశోధకులు 2023లో ప్రతిపాదించారు. మన డెల్టాలో ఆ పని ఎందుకు చేయకూడదు?

ముమ్మిడివరం రైతు:
ఇంజనీరు గారి లెక్కలో తప్పు లేదు గాని, గొయ్యి ఎక్కడ తవ్వాలో వారు చెప్పలేదు. మా వైపు పారతో నాలుగడుగులు దిగితే నీరు ఊరుతుంది. వానాకాలంలో అంత కూడా దిగనక్కరలేదు. పొర ఎక్కడ చిరిగినా, నీరు చేరి గాలి అందని ఆ గడ్డి కొంతవరకు మీథేన్‌గా మారుతుంది. నూరేళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 27 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. ఇక ఉప్పు సంగతి: రొయ్యల చెరువుల పక్కన చేలు చౌడుబారిన వారిని ఒకసారి అడిగి చూడండి, ఉప్పు కలిపిన కుప్పను తమ గట్టు పక్కన ఉండనిస్తారేమో.

పాలకొల్లు విద్యార్థి:
కెనడాలోని క్యూబెక్‌లో బంకమట్టి కింద 3,775 ఏళ్ల నాటి దుంగ దొరికిందనీ, దాని కార్బన్‌లో ఐదు శాతం కూడా పోలేదనీ 2024లో ప్రకటించారు. మన నేల కూడా బంకమట్టే కదండీ?

తణుకు మిల్లు గుమాస్తా:
అది చేవ ఉన్న దుంగ బాబూ, ఇది గడ్డి. పైగా మన బంకమట్టి వేసవిలో నెర్రెలు విచ్చుతుంది.
నా దృష్టిలో గడ్డికన్నా ముందు ఊకను చూడాలి. ధాన్యం తూకంలో అయిదో వంతు ఊకే; దానిని చేల వెంట పోగుచేయనక్కరలేదు, మిల్లులోనే ఉంటుంది. గాలి చాలని కొలిమిలో 500 డిగ్రీల దగ్గర మగ్గబెడితే దాని కార్బన్‌లో దాదాపు సగం త్వరగా కుళ్లని బొగ్గుగా మిగులుతుంది, వెలువడిన వాయువు బాయిలరుకు పనికొస్తుంది, బొగ్గును చేలో చల్లుకోవచ్చు. అయితే దీనిలో ఒక మెలిక ఉంది, మా యజమాని మొదట అడిగేది కూడా అదే. ఇప్పుడు పూర్తిగా కాలుస్తున్న ఊకలో సగం కార్బన్ మిగిల్చితే ఆ మేరకు వేడి తగ్గుతుంది; ఆ లోటుకు రాతిబొగ్గు కొన్నామా, లెక్క మొత్తం తలకిందులవుతుంది. కనుక మిల్లు అవసరానికి మించి మిగిలే ఊకకే ఈ పద్ధతి సరిపోతుంది.

కాకినాడ ఇంజనీరు:
పల్లంలో గొయ్యి వద్దన్న మాట ఒప్పుకుంటున్నాను. రాజానగరం మెట్టకు తరలిస్తే? లారీ రానూపోనూ 50 లీటర్ల డీజిలు తాగినా వెలువడే కార్బన్ డయాక్సైడ్ సుమారు 135 కిలోలే. అయిదు టన్నుల గడ్డిలో దాగేది ఏడు టన్నులు.

ముమ్మిడివరం రైతు:
డీజిలు పొగ గురించి నాకు పేచీ లేదండీ. టన్ను గడ్డితో పాటు పైరుకు కావలసిన పొటాషియం పదిహేను కిలోల వరకు చేను దాటిపోతుంది. కోత యంత్రం చెల్లాచెదురుగా వదిలిన గడ్డిని కట్టలు కట్టించే ఖర్చు భరించలేకనే మేము అంటిస్తున్నాము. ఆ రెండింటి ఖరీదు ఇచ్చేవారుంటే దాళ్వా గడ్డి నిరభ్యంతరంగా పట్టుకువెళ్లండి. సార్వా (ఖరీఫ్) గడ్డి మాత్రం అడగవద్దు, అది వాము వేసి గేదెల కోసం ఉంచుకున్నది.