‘తసమదీయులు’ను దిద్దవచ్చునా?

కావలి నుంచి ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. మా అబ్బాయి బడిలో ‘మాయాబజార్’ సినిమా మీద ఒక వ్యాసం రాసి, అందులో ‘అసమదీయులు, తసమదీయులు’ అని రాశాడు. వాళ్ళ తెలుగు అయ్యవారు రెండు మాటలకూ ఎర్ర సిరాతో సున్నలు చుట్టి, పక్కన ‘అస్మదీయులు, తస్మదీయులు’ అని దిద్ది ఇచ్చారు. దినపత్రికల్లో కూడా అలాగే కనిపిస్తున్నది కాబట్టి ఆయన దిద్దినదే సరి అని పిల్లవాడికి చెప్పాను. రాత్రి ఆ సన్నివేశం మళ్ళీ పెట్టి వింటే, వాడు రాసినట్టే వినిపించింది. ఏది ఒప్పో దయచేసి చెప్పగలరా?

నెల్లూరు నుంచి జవాబు:

అమ్మా, మీ అబ్బాయి రాసినదే ఒప్పు. అయ్యవారు దిద్దిన రెండింటిలో ‘అస్మదీయులు’ సంస్కృతంలో నిజంగా ఉన్న మాటే కాబట్టి, ఆయన చెయ్యి అటు పోవడంలో వింత లేదు. రెండవది మాత్రం సంస్కృతంలోనూ లేదు, సినిమాలోనూ లేదు.

ముందు వ్యాకరణం చూద్దాము. ‘అస్మద్’ అనేది మేము, మనము అనే అర్థమిచ్చే సర్వనామం. దానికి ‘ఈయ’ ప్రత్యయం చేరి ‘అస్మదీయ’ అయింది. అదే దారిలో ‘యుష్మద్’ నుంచి మీది అనే అర్థంలో ‘యుష్మదీయ’, ‘తద్’ నుంచి వాడిది లేదా వారిది అనే అర్థంలో ‘తదీయ’ వచ్చాయి. ఉత్తరం చివర మనం రాసే ‘భవదీయుడు’ కూడా ఈ కుదురులోదే. కనుక మనవాళ్ళు కానివారిని గురించి సంస్కృతం చదువుకున్నవాడు ‘తదీయులు’ అనో, ‘పరకీయులు’ అనో అంటాడు తప్ప ‘తస్మదీయులు’ అనడు, ఎందుకంటే ‘తస్మద్’ అనే సర్వనామమే ఆ భాషలో లేదు. మరి అది మన చెవికి అంత సహజంగా ఎందుకు తగులుతుందంటే, ‘తస్మాత్ జాగ్రత్త’ అనే హెచ్చరిక మన నోళ్ళలో నానుతూ ఉండడం వల్లనే అని నేను అనుకుంటున్నాను. ఆ ‘తస్మాత్’కు ‘అందువలన’ అని అర్థం. పరాయివాళ్ళతో దానికి ఏ చుట్టరికమూ లేదు.

ఇక సన్నివేశానికి వస్తాను. 1957 మార్చిలో విడుదలైన ఆ చిత్రానికి దర్శకులు కె.వి.రెడ్డి గారు, మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు గారివి. ఘటోత్కచుడి ఆశ్రమంలో చిన్నమయ్య తన శిష్యులకు చదువు చెబుతుంటాడు. వాళ్ళ నాలుకకు సంయుక్తాక్షరాలు, అంటే రెండు వేరు వేరు హల్లులు కలిసినవి, ఎక్కవు. గురువు ‘దుష్ట చతుష్టయం’ అంటే శిష్యులు ‘దుషట చతుషటయం’ అంటారు. ‘అస్మదీయులు’ వాళ్ళ నోట ‘అసమదీయులు’ అవుతుంది. అంతవరకు అది ఉచ్చారణ లోపమే. పింగళి వారి గొప్పతనం ఆ తరువాతి అడుగులో ఉంది: ఆ శిష్యుడు ఈ మాటను తనకు తెలిసిన పద్ధతిలో విరుచుకుంటాడు. ‘అసమదీయులు’ మనవాళ్ళయితే, మొదటి అక్షరం మార్చి ‘తసమదీయులు’ అంటే పరాయివాళ్ళు! వాడికి ‘అస్మద్’ తెలియదు, ‘ఈయ’ తెలియదు, కానీ ఒక మాటకు జోడుగా ఇంకొక మాట ఎలా పుట్టించాలో తెలుసు. గురువు ఇదెక్కడి మాట, ఎవరు పుట్టించారు అని అడ్డుపడితే, ఘటోత్కచుడు శిష్యుడి పక్షం వహించి, ఎవరూ పుట్టించకపోతే మాటలు ఎలా పుడతాయని అడిగి, వాడికి వీరతాళ్ళు వేయిస్తాడు. ఇంత జరిగిన తరువాత ఆ మాటలో తీసేసిన ఒత్తును మనం తెచ్చి మళ్ళీ అతికిస్తే, సన్నివేశమంతా వట్టిదైపోదా?

పైగా ఆ శిష్యులు చేసిన పని మన పూర్వులు చేసిన పనే. ‘రత్నము’ను ‘రతనము’ అనీ, ‘ముగ్ధ’ను ‘ముగుద’ అనీ, ‘యత్నము’ను ‘జతనము’ అనీ, ‘శ్రీ’ని ‘సిరి’ అనీ తెలుగువాడు పలికినది ఈ విధంగానే. రెండు హల్లుల నడుమ ఒక అచ్చును చొప్పించి నాలుకకు దారి చేసుకోవడాన్ని పండితులు స్వరభక్తి అంటారు. కొన్ని మాటల్లో ఇంకొక దారి పట్టి ‘భక్తి’ని ‘బత్తి’గా, ‘అగ్ని’ని ‘అగ్గి’గా మార్చుకున్నాము. మా నాయనమ్మ సంతలో మిగిలిన చిల్లరను నా చొక్కా జేబులో వేసి, జేబు మూతిని తన వేళ్ళతో రెండుసార్లు నొక్కి, “జతనం అబ్బయా, పిలకాయలతో ఆడుకుంటా పారేసుకునేవు” అనేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఆమె మాటను ‘యత్నం’ అని ఎర్ర సిరాతో దిద్దే మనిషి ఎవరైనా ఉంటారా? నిఘంటువులో చేరిన వికృతికి ఇచ్చే గౌరవాన్ని, సినిమాలో అసురుడి నోట పుట్టిన వికృతికి ఎందుకు ఇవ్వకూడదో నాకు అర్థం కాదు.

చిన్నమయ్య వేషం వేసిన రమణారెడ్డి గారు మన సీమ మనిషి అని మీ అబ్బాయికి తప్పక చెప్పండి. ఆయన 1921లో మన నెల్లూరు జిల్లా జగదేవిపేటలో పుట్టారు. ఆ సన్నివేశంలో నవ్వు పుట్టినది మాటల వల్ల మాత్రమే అని చాలామంది అంటారు. నేను అలా అనుకోను. ఎముకల మీద చర్మం కప్పినట్టుండే ఆ బక్కపలుచని గురువు, ఘటోత్కచుడి వేషంలో కొండలాగా నిలబడిన ఎస్.వి.రంగారావు గారి ముందు, తన ‘ష్ట’ కోసం నిజంగా బాధపడతాడు. హాస్యం చేస్తున్నానన్న స్పృహ ఆయన ముఖంలో ఎక్కడా కనిపించదు. బడిపంతులు పద్యం అప్పచెప్పించుకునేటప్పుడు ఒత్తు దగ్గర గొంతు ఎలా బిగిస్తాడో అలాగే బిగిస్తాడు, రాజు శిష్యుణ్ణి మెచ్చుకోగానే ఆ బిగువంతా సడలిపోతుంది. చదువు చెప్పేవాడి అభిమానం ఎంత సున్నితమైనదో తెలిసిన నటుడు కాకపోతే అలా చేయలేడు. 2010లో ఆ చిత్రాన్ని రంగుల్లో మళ్ళీ విడుదల చేసినప్పుడు నేను హాలులో చూశాను; నా వెనక వరుసలోని ముసలాయన ఒకరు, శిష్యుడి కంటే ముందే ‘తసమదీయులు’ అని పైకి అనేశారు. ఆయన నోట కూడా ఒత్తు లేదు.

ఒంగోలు నుంచి జవాబు:

నెల్లూరు వారి వివరణ బాగుంది, కాని ఒక సందేహం. ‘తస్మదీయులు’ అని పత్రికల వారు ఎన్నో ఏళ్ళుగా రాస్తున్నారు. రాజకీయ వార్తల్లో అస్మదీయులకు పదవులు, తస్మదీయులకు వేధింపులు అనే వాక్యం చదవని తెలుగువాడు ఉండడు. ఎవరూ పుట్టించకపోతే మాటలు ఎలా పుడతాయన్న ఘటోత్కచుడి తీర్పు శిష్యుడికి వర్తించినప్పుడు, విలేకరికి మాత్రం ఎందుకు వర్తించదు? శిష్యుడు ఒత్తు తీసి ఒక మాట పుట్టించాడు, విలేకరి ఒత్తు పెట్టి ఇంకొకటి పుట్టించాడు. వాడుకలో నిలిచిన తరువాత సంస్కృత సర్వనామాల లెక్క చూపి దానిని కాదనడం, చిన్నమయ్య పక్షాన నిలబడినట్టు కాదా?

నెల్లూరు నుంచి జవాబు:

అయ్యా, మీ ప్రశ్న నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. మీరు అన్నదానిలో సగం ఒప్పుకుంటున్నాను. వార్త రాసేవారు ‘తస్మదీయులు’ అని రాస్తే, అది ఈనాటి తెలుగు మాటే. దానిని వాడవద్దని అనను. సంస్కృతంలో లేదన్న కారణంతో ఒక మాటను వెలివేయడం మొదలుపెడితే మనకు మిగిలేది కొంచెమే.

అయితే శిష్యుడి పనికీ విలేకరి పనికీ ఒక తేడా ఉంది. శిష్యుడు లేని మాటను కావాలని చేశాడు, అందుకు వీరతాడు పుచ్చుకున్నాడు. ఒత్తు చేర్చినవారు కొత్త మాట చేస్తున్నామని అనుకోలేదు. సినిమాలో వినిపించినది అసురుల వంకర ఉచ్చారణ కాబట్టి, దాని వెనక సరియైన సంస్కృత రూపం ఒకటి ఉండి తీరాలని నమ్మి, ఆ రూపాన్ని తిరిగి నిలబెడుతున్నామనుకున్నారు. ‘అసమదీయులు’ వెనక ఆ రూపం ఉంది. ‘తసమదీయులు’ వెనక ఏమీ లేదు, దాని అసలు రూపం అదే. మీ వాదన వార్తకు చెల్లుతుంది గాని, సినిమాలో ఏ పాత్ర ఏమి పలికిందో చెప్పే వ్యాసానికి చెల్లదు. అక్కడ విన్నది విన్నట్టు రాయడమే న్యాయం. పిల్లవాడు చేసినది అదే.

ఇంకొక రుజువు కూడా ఆ చిత్రంలోనే దొరుకుతుంది. పెళ్ళివారి విడిదిలో అసురుల మాయవల్ల ‘తల్పం’ లాంటి ‘గిల్పం’, ‘కంబళి’ లాంటి ‘గింబళి’ వస్తాయి. పులి గిలి, పప్పు గిప్పు అని మనం రోజూ అనే జంట మాటల్లో రెండవదానికి వేరే అర్థం ఉండదు. పింగళి వారు దానిని విడదీసి, దానికొక వస్తువును అప్పగించారు. అది కూడా తసమదీయుల లాగే మొదటి అక్షరం మార్చి చేసిన మాటే. ఇన్నేళ్ళలో ‘గింబళి’ని దిద్దిన అయ్యవారినిగాని, పత్రికనుగాని నేను చూడలేదు. దానికి సంస్కృతం పోలిక లేదు కాబట్టి అందరూ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నారు. కావలి అమ్మగారు ‘తసమదీయులు’, ‘గింబళి’ అనే ఈ రెండు మాటలనూ పక్కపక్కన రాయించి అయ్యవారికి పంపితే, ఆయన ఆ ఎర్ర సున్నలలో రెండవదాన్ని తానే కొట్టివేస్తారని నమ్ముతున్నాను.