రంగు నీళ్ళ శుద్ధి, హైడ్రోజన్ తయారీ: రెండూ ఒకే ట్యాంకులో అవుతాయంటారా?

నీలిమందు:
అద్దకం యూనిట్ల నుంచి వచ్చే రంగు నీళ్ళలో ఫోటోకాటలిస్ట్ (వెలుగు పడితే రసాయన చర్య నడిపించే పదార్థం) పొడి కలిపి ఎండలో పెడితే రంగూ పోతుంది, హైడ్రోజనూ వస్తుంది అని ఈ మధ్య తెగ చదువుతున్నా. వెలుగు పడగానే కాటలిస్ట్‌లో ఎలక్ట్రాన్ విడిపోయి ప్రోటాన్లని హైడ్రోజన్ చేస్తుంది, వెనక మిగిలిన హోల్, అంటే ఎలక్ట్రాన్ పోయిన ఖాళీ, డై నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని దాన్ని ఆక్సిడైజ్ చేస్తుంది. మామూలుగా ఆ హోల్ నీళ్ళ నుంచి ఆక్సిజన్ తీయాలి, అది మహా నెమ్మది పని, అందుకే ల్యాబుల్లో దానికి మేతగా మిథనాల్ పోస్తారు. కొన్న మిథనాల్ ఎందుకు, ఎలాగూ పారబోసే డై ఉందిగా అంటున్నారు. నాకైతే నచ్చింది, మీరేమంటారు?

బురదలెక్క:
పేపర్ మీద బానే ఉంటుందండీ. ముందు లెక్క చూడండి. కిలో సీవోడీలో (నీళ్ళలోని మురికి పూర్తిగా ఆక్సిడైజ్ కావడానికి పట్టే ఆక్సిజన్ లెక్క) ఉన్న ఎలక్ట్రాన్లన్నీ ఒక్కటి కూడా వేస్ట్ కాకుండా హైడ్రోజన్‌కే పోయాయనుకున్నా వచ్చేది 125 గ్రాములు, ఏ కాటలిస్ట్ తెచ్చినా అంతే. లీటరుకి 2000 మిల్లీగ్రాముల సీవోడీ ఉన్న నీళ్ళు వెయ్యి లీటర్లు తీసుకుంటే 250 గ్రాములు, అంటే సుమారు 8 యూనిట్ల కరెంటుకి సమానమైన ఎనర్జీ. పంపులు, పొడిని మళ్ళీ వడకట్టడం, గ్యాస్‌ని ఆరబెట్టి కంప్రెస్ చేయడం ఇవన్నీ తీసేస్తే ఏం మిగులుతుంది? దీన్ని ఇంధనం ప్లాంట్ అంటుంటే నవ్వొస్తోంది.

ఎండపొడ:
బురదలెక్క గారూ లెక్క కరెక్టే కానీ సగమే చెప్పారు. మీరు మామూలు శుద్ధిలో బాక్టీరియాకి గాలి అందించడానికి ఏరేషన్ ట్యాంకులో బ్లోయర్ తిప్పుతారు కదా, అక్కడ జరిగేదేంటి, అవే ఎలక్ట్రాన్లని ఆక్సిజన్‌కి అప్పజెప్పడం, అదీ కరెంటు బిల్లు కట్టి మరీ. అసలు ఖర్చు పెట్టి పారేస్తున్నదాంట్లో కొంచెం వెనక్కొచ్చినా లాభమేగా. పైగా అజో డైలు (రెండు నైట్రోజన్ల బంధం మధ్యలో ఉండే రంగులు) చాలావరకు ఆ గాలి ట్యాంకులోని బాక్టీరియాకి లొంగవు. 1972లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్‌తో నీటిని విడగొట్టి చూపించినప్పటి నుంచి ఈ ఫీల్డ్ చాలా దూరం వచ్చింది బ్రో.

బురదలెక్క:
ఎంత దూరం వచ్చినా టైటానియం డయాక్సైడ్‌కి 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల గ్యాప్ ఉంది (ఎలక్ట్రాన్ విడిపోవడానికి కావాల్సిన కనీస ఎనర్జీ), అంటే యూవీనే కావాలి, ఎండలో అది 4-5 శాతం. ఆ కాస్తనీ ముదురు రంగు నీళ్ళు పైపైనే మింగేస్తాయి. కనబడే వెలుగు కోసం కాడ్మియం సల్ఫైడ్ వాడదామంటే అది వెలుగులో తనే కరిగి కాడ్మియం నీళ్ళలోకి వదులుతుంది, నీళ్ళు శుభ్రం చేయడానికి కాడ్మియమా!! కార్బన్ నైట్రైడ్ బెటరే, మెటల్ గొడవ లేదు, కానీ హైడ్రోజన్ సరిగా రావాలంటే దాని మీదా సాధారణంగా ప్లాటినం చుక్కలు పెడతారు.

ఇంకోటి, నాకు అన్నిటికన్నా పెద్దది ఇదే. హైడ్రోజన్ కావాలంటే ట్యాంకులో గాలి ఉండకూడదు, లేకపోతే ఎలక్ట్రాన్లని ఆక్సిజన్ లాక్కుంటుంది. డై పూర్తిగా విరగాలంటేనేమో ఆక్సిజన్ ఉంటే మంచిది. గాలి లేకుండా మిథిలీన్ బ్లూకి ఎలక్ట్రాన్లు తగిలితే అది విరక్కుండానే రంగు లేని రూపంలోకి పోతుంది, గాలి తగలగానే మళ్ళీ నీలం! అజో డై అయితే మధ్య బంధం తెగి ఆరోమాటిక్ అమైన్లు వస్తాయి, వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. రంగు పోయిందని ఫొటో పెడితే సరిపోదండీ, టీవోసీ, అంటే నీళ్ళలో ఉన్న మొత్తం ఆర్గానిక్ కార్బన్, ఎంత తగ్గిందో చెప్పాలి.

కేథోడ్‌పక్షం:
మీరిద్దరూ పొడి దగ్గరే ఆగిపోయారు. ఒకే ట్యాంకు ఎందుకు, మధ్యలో మెంబ్రేన్ పెట్టి సెల్‌ని రెండు గదులు చేయండి, ఆనోడ్ దగ్గర డై, కేథోడ్ దగ్గర హైడ్రోజన్. గాలి ఉండాలా వద్దా అన్న గొడవే ఉండదు. అసలు ఎలక్ట్రో ఆక్సిడేషన్ (కరెంటు పెట్టి మురికిని ఆక్సిడైజ్ చేయడం) నడుస్తున్న చోట కేథోడ్ దగ్గర హైడ్రోజన్ ఎలాగూ వస్తుంది, గాలిలో 4 శాతం దాటితే అంటుకుంటుందని భయపడి ఫ్యాన్ పెట్టి పైకి వదిలేస్తారు. నేననేది దాన్ని పట్టుకోమనే, అంతే.

ఎండపొడ:
మరి ఉప్పు సంగతి? రియాక్టివ్ డై (నూలు బట్టకి రసాయనికంగా అతుక్కునే రంగు) నీళ్ళలో ఉప్పు బోలెడు ఉంటుంది, ఆనోడ్ దగ్గర క్లోరిన్ తయారై డైతో కలిస్తే క్లోరిన్ ఎక్కిన ఆర్గానిక్స్ వస్తాయి, అవి ఇంకో తలనొప్పి. నా ఎండ పద్ధతిలోనూ డైని విరిచే రాడికల్స్‌ని (చురుకైన అణు ముక్కల్ని) ఉప్పులోని క్లోరైడ్ తినేస్తుంది నిజమే, కానీ మీ దగ్గర కరెంటు ఖర్చూ ఉంది ప్లస్ క్లోరిన్.

కేథోడ్‌పక్షం:
ఉంది, కాదనను. బోరాన్ కలిపిన డైమండ్ ఆనోడ్ పెడితే హైడ్రాక్సిల్ రాడికల్స్ బాగా వచ్చి చాలావరకు కార్బన్ డయాక్సైడ్ దాకా పోతుంది, కానీ ఖరీదెక్కువ, ఉప్పుంటే దాంతోనూ క్లోరేట్, పెర్‌క్లోరేట్ వస్తాయి. అందుకే ముందు మెంబ్రేన్‌తో ఉప్పు తీసి మళ్ళీ అద్దకానికే పంపి, మిగిలినదాని మీద ఇది నడపాలి. శుద్ధి మెయిన్, హైడ్రోజన్ వస్తే బోనస్. కాస్త తక్కువ కరెంటు కట్టినా గెలిచినట్టే.

బురదలెక్క:
ఇలా చెప్తే నాకు అభ్యంతరం లేదు. ‘క్లీన్ ఫ్యూయల్’ అని బోర్డు కడితేనే మండుతుంది. నీలిమందు గారూ, మీరు చదివిన వాటిలో ఉప్పున్న అసలు అద్దకం నీళ్ళతో చేసి, టీవోసీ, హైడ్రోజన్ రెండూ ఒకే రన్‌లో కొలిచినవి ఉంటే ఇక్కడ పెట్టండి. డిస్టిల్డ్ వాటర్లో మిథిలీన్ బ్లూ కలిపినవి మాత్రం వద్దు ప్లీజ్.