అప్‌డేట్: ట్రెల్లోనా, జిరానా? చివరికి ఏం చేశామంటే

ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి మా ఎనిమిది మంది సాఫ్ట్‌వేర్ టీమ్‌కి ట్రెల్లో (పనుల్ని కార్డులుగా పెట్టుకునే యాప్) సరిపోతుందా, జిరా (ఇంకాస్త పెద్ద ట్రాకింగ్ యాప్) కావాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. రెండూ అట్లాసియన్ అనే కంపెనీవే (ట్రెల్లోను 2017లో కొన్నది), పది మంది వరకు జిరా ఫ్రీయే, కాబట్టి డబ్బు గొడవ లేదు.

డెవలపర్లం జిరాకి మారిపోయాం. స్ప్రింట్ (ఒకటి రెండు వారాల పని విడత), బ్యాక్‌లాగ్ (ఇంకా చేయాల్సిన పనుల లిస్టు) అందులోనే ఉన్నాయి. మా కోడ్ ఉండే గిట్‌హబ్‌ని దానికి కలిపి పెట్టుకుని, కమిట్ (కోడ్‌లో సేవ్ చేసిన మార్పు) మెసేజ్‌లో టికెట్ (జిరాలో ఒక్కో పనికి ఉండే ఎంట్రీ) నంబర్ రాస్తే చాలు, ఆ కమిట్ టికెట్‌లోనే కనిపిస్తుంది. "ఎంతవరకు వచ్చింది?" అని మా లీడ్ వాట్సాప్‌లో అడగడం మానేశారు, నాకైతే అదే పెద్ద రిలీఫ్!

డిజైన్ వాళ్లు మాత్రం ససేమిరా అన్నారు. కార్డు పట్టుకుని "చేయాల్సినవి" నుంచి "అయిపోయినవి"లోకి లాగడమే వాళ్ల పని, దానికి స్ప్రింట్లెందుకు? వాళ్లని ట్రెల్లోలోనే వదిలేశాం. మేనేజర్ గారి ఎక్సెల్ షీట్ జోలికి ఇంకా పోలేదు.