ఈజీఎఫ్ (పైచర్మం పెరగడానికి తోడ్పడే గ్రోత్ ఫ్యాక్టర్ ప్రోటీన్) జెల్ ఆరు వారాలు రాసినా అరికాలి పుండు కదలడం లేదు. పీఆర్పీనా (రోగి రక్తం నుంచే తీసే ప్లేట్‌లెట్ల ద్రవం), ల్యాబులో పెంచిన చర్మమా?

డ్రెస్సింగ్_చిత్తూరు:
షుగర్ పేషెంటు, 58 ఏళ్లు. ఎడమ అరికాల్లో, బొటనవేలి మొదట్లో పుండు. 3×2 సెం.మీ. ఉండేది, ఇప్పుడు 2.8×1.9. పావిడోన్ అయొడిన్‌తో కడిగి, గ్రాముకు 150 మైక్రోగ్రాముల ఈజీఎఫ్ జెల్ రెండు పూటలా రాస్తున్నాం. అంచు తెల్లగా గట్టిపడింది. నెలాఖర్లో అలిపిరి మెట్ల మొక్కు ఉందంటున్నాడు. పీడీజీఎఫ్‌కు (ఇంకో రకం గ్రోత్ ఫ్యాక్టర్) మారాలా, పీఆర్పీ చేయించాలా, ల్యాబులో పెంచిన చర్మం వేయించాలా?

పాదం_తిరుపతి:
లెక్క చూడన్నా. 6 నుంచి 5.3 చ.సెం.మీ.కు వచ్చింది, అంటే 11 శాతమే తగ్గింది. నాలుగు వారాల్లో సగం తగ్గకపోతే ఏదో అడ్డు ఉన్నట్టే, మందు మారిస్తే అది పోదు. ఆ తెల్లటి అంచు ఆనె. కొత్త చర్మం అంచు నుంచే లోపలికి పాకాలి, ఆనె కింద అది ఇరుక్కుపోయింది. పదును బ్లేడుతో రక్తం చెమ్మ కనిపించేదాకా డాక్టరు చెక్కాలి, వారం వారం.

అయొడిన్ ఆపెయ్. కొత్త కణాలను కూడా అది చంపుతుంది. సెలైన్ చాలు. పుండు మీద పసుపు రంగు చచ్చు పొర ఉంటే అందులోని ఎంజైములు జెల్‌లోని ప్రోటీన్‌ను నమిలేస్తాయి, ట్యూబు ఖర్చు వృథా.

చెప్పుల్లేకుండా 3,550 మెట్లా? స్పర్శ లేని కాలికి? ముందు బరువు దింపే కట్టు (టోటల్ కాంటాక్ట్ కాస్ట్) గానీ, తీయడానికి వీల్లేని బూటు గానీ వేయించు. కాలి రక్తప్రసరణ చూశారా? చీలమండ–చేయి బీపీ నిష్పత్తి 0.9 కంటే తక్కువైనా, 1.3 దాటినా వాస్కులర్ (రక్తనాళాల) డాక్టరుకు చూపించు. షుగర్‌లో ధమనులు గట్టిపడి లెక్క ఎక్కువ చూపిస్తుంది, మోసపోవద్దు.

ల్యాబ్_అక్క:
పీడీజీఎఫ్ గుంటలో కండ నింపే కణాలను పిలుస్తుంది, ఈజీఎఫ్ పైచర్మాన్ని పాకిస్తుంది. 0.01 శాతం పీడీజీఎఫ్ అయితే పొడవు × వెడల్పు సెం.మీ.లలో గుణించి 4తో భాగించండి, 15 గ్రాముల ట్యూబు నుంచి అన్ని సెం.మీ. జెల్. మీకు సుమారు 1.3 సెం.మీ. రోజుకు ఒక్కసారే. 12 గంటలు తడి గాజుగుడ్డ కింద ఉంచి, కడిగేసి, మిగతా 12 గంటలు ఉత్త సెలైన్ గుడ్డ. ట్యూబు 2–8 డిగ్రీల్లో ఉండాలి. చిత్తూరు నుంచి తిరుపతికి తెచ్చేటప్పుడు ఐసు మీద నేరుగా పెట్టకండి, గడ్డకడితే పాడే.

పీఆర్పీకి రక్తం తీసేటప్పుడు, అది గడ్డకట్టకుండా సిట్రేట్ ఉన్న ట్యూబు వాడాలి, ఈడీటీఏ ఉన్నది కాదు. కాల్షియం కలిపాక అది గడ్డకడుతుంది, ఆలస్యం వద్దు, వెంటనే పుండులో పెట్టాలి.

పెంచిన చర్మం సంగతి: రోగి చర్మం ముక్క నుంచి పొర తయారవ్వడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అది కొన్ని కణాల మందమే, కింద డెర్మిస్ (లోపలి చర్మపు పొర) ఉండదు. అరికాల్లో రాపిడికి ఊడిపోతుంది. పెద్ద కాలిన గాయాలకే అది బాగా పనికొస్తుంది. దాత కణాల చర్మం శాశ్వతంగా నిలవదు, కొన్ని వారాలు గ్రోత్ ఫ్యాక్టర్లు వదిలి పోతుంది. ఇన్‌ఫెక్షన్ ఉంటే రెండూ చస్తాయి.

డ్రెస్సింగ్_చిత్తూరు:
ఈరోజు డాక్టరుగారు ఆనె చెక్కి ప్రోబ్ (సన్నని లోహపు పుల్ల) పెడితే లోపల గట్టిగా, టక్‌మని తగిలింది.

పాదం_తిరుపతి:
ఎముకే అది. ఇన్‌ఫెక్షన్ ఎముక దాకా పోయి ఉండొచ్చు. జెల్ ఆపమని అడుగు. ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ, ఎముక ముక్క కల్చర్ (ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష). తొలి రెండు వారాల్లో ఎక్స్‌రే మామూలుగానే కనిపించొచ్చు, దాన్ని చూసి ఊరుకోవద్దు.