13 ఏండ్ల పిల్లగానికి కరోనా సూది ఏపియ్యాల్నా వద్దా? మా ఇంట్ల తెగుతలేదు

నల్గొండ అమ్మ | 9 మే 2022
అందరికి నమస్తే. మాది నల్గొండ పక్కన ఊరు. మా బాబుకు మార్చిల 13 నిండినయి. 12 నుంచి 14 ఏండ్ల పిల్లలకు కార్బీవ్యాక్స్ అని మార్చి 16 నుంచి వేస్తున్నరు గదా, మా ఆశక్క మూడుసార్లు వచ్చిపోయింది, వచ్చినప్పుడల్లా మా ఇంటాయన బయటికి గూడ రాకుంట లోపటినుంచే "తర్వాత సూద్దం తియ్యి" అంటడు. నాకేమో ఏపియ్యాలనే ఉంది. మా అత్తమ్మ రెండు డోసులు ఏసుకుంది, మేమిద్దరం ఏసుకున్నం, పిల్లగాని కాడికొచ్చేసరికే ఎందుకు ఆగిందో నాకు సమజైతలేదు, అడిగితే కోపం చేస్తడు. జూన్‌ల బడులు తెరుస్తరు. మీరు ఏపిచ్చిండ్రా? ఏపియ్యకుంటే ఎందుకు ఏపియ్యలేదో గూడ చెప్పుండ్రి. తిట్టుకోవద్దు దయచేసి.

పాలమూరు నాన్న | 9 మే
అక్కా, నేను ఏపియ్యలేదు. మూఢనమ్మకం అనుకోకుండ్రి, నేను గూడ రెండు డోసులు ఏసుకున్నోన్నే. నా లెక్క ఇది. పోయినేడు జూన్, జూలైల ఐసీఎంఆర్ (కేంద్ర సర్కారు వైద్య పరిశోధన సంస్థ) దేశమంతా రక్తం పరీక్షలు చేస్తే 10 నుంచి 17 ఏండ్ల పిల్లల్ల 61.6 శాతం మందికి అప్పటికే యాంటీబాడీలు ఉన్నయి, అంటే వాళ్లకు తెల్వకుంటనే వచ్చి పోయింది. ఆ తర్వాత జనవరిల ఒమిక్రాన్ అని కరోనాల కొత్త రకం వచ్చింది, మా వాడకట్టుల దగ్గు లేని ఇల్లు లేకుండె. బ్రిటన్‌ల టీకాల నిపుణుల కమిటీ 2021 సెప్టెంబర్ 3న ఏమన్నది? 12 నుంచి 15 ఏండ్ల ఆరోగ్యంగ ఉన్న పిల్లలకు లాభం ఉన్నది గని శానా కొద్దిగ ఉన్నది, అందరికీ ఎయ్యుమని మేం చెప్పలేం అన్నది. అంత పెద్ద దేశమే ఆగి ఆలోచిస్తే మనం ఆలోచిస్తే తప్పేంది? నా బిడ్డకు వచ్చిపోయిన దానికి మళ్ల సూది ఎందుకు అని అడుగుతున్న, అంతే.

అచ్చంపేట సైన్స్ సార్ | 9 మే
పాలమూరు అన్నా, మీరు చెప్పింది నిజమే కాని సగం చెప్పారు. అదే సెప్టెంబర్ 13న అక్కడి నలుగురు చీఫ్ మెడికల్ ఆఫీసర్లు, అంటే ప్రభుత్వ పెద్ద డాక్టర్లు, పిల్లల చదువు పోతున్నది గూడ లెక్కలోకి తీసుకుని ఒక డోసు వేయమన్నారు, వేశారు. ఇంకోటి, వాళ్లు వేసింది ఫైజర్ కంపెనీ టీకా. దానితో అరుదుగా, ముఖ్యంగా మగపిల్లల్లో రెండో డోసు తర్వాత, గుండె కండరం వాపు కనిపించింది కాబట్టి అంత తర్జనభర్జన పడ్డారు. మన దగ్గర 12 ఏండ్ల పిల్లలకు వేసేది ఆ రకం కానే కాదు. కార్బీవ్యాక్స్ హైదరాబాద్‌లోని బయోలాజికల్ ఇ తయారుచేసింది, వైరస్ మీద ముల్లులాగా ఉండే ప్రోటీన్‌లో ఒక చిన్న ముక్కని ఈస్ట్‌లో పెంచి తీసింది. మన పిల్లలకి పుట్టిన 24 గంటల్లో వేస్తారే హెపటైటిస్ బి సూది, అదే పద్ధతి. అందులో వైరస్సే ఉండదు, ఇంక దాని వల్ల కరోనా ఎట్లా వస్తుంది? మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు నన్ను అడిగినప్పుడు బోర్డు మీద ముల్లకంప బొమ్మ గీసి, ఒక్క ముల్లు విరిచి చూపిస్తే పామును గుర్తుపట్టడానికి కుబుసం చాలు కదా సార్ అన్నాడు ఒక పిల్లవాడు. నేను అంత బాగా చెప్పలేకపోయాను.

వచ్చిపోయింది గదా అంటే, ఒమిక్రాన్ ఒకసారి వచ్చినోళ్లకే మళ్ళీ వచ్చింది, అదీ చూశాం.

సూర్యాపేట చెల్లె | 10 మే
సార్, టీకా మంచిదా చెడ్డదా అన్నది కాదు నా బాధ. మమ్మల్ని అడుగుతున్నరా అన్నది నా బాధ. మా పక్కన ఖమ్మం జిల్లాల 2009ల ఏం జరిగిందో యాదికి తెచ్చుకోండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండ హెచ్‌పీవీ టీకా అని దాదాపు 14,000 మంది ఆడపిల్లలకు ఏసిండ్రు, అది అమెరికా సంస్థ పాత్, ఐసీఎంఆర్ కలిసి చేసిన ప్రాజెక్టు, ఎక్కువగ గిరిజన పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్ల ఉండేటోళ్లు. అమ్మానాన్నలకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిండ్రు! గొడవైనంక 2010 ఏప్రిల్‌ల ఆపిండ్రు, 2013ల పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగ తప్పుపట్టింది. కొందరు పిల్లలు చనిపోతే అది టీకా వల్ల కాదని విచారణల తేలింది, ఆ సంగతి నేను దాచను. కని సంతకం సంగతి మాత్రం ఎవ్వరూ కాదనలేరు.

మొన్న సెలవులకు ముంగట మా పాప చదివే బడిల గూడ అదే జరిగింది. పొద్దున టిఫిన్ తినకుంట పోయింది, మధ్యాహ్నం ఇంటికి వచ్చి "అమ్మా చెయ్యి నొస్తుంది" అన్నది, అప్పుడు తెలిసింది సూది ఏసిండ్రని. ఒక కాగితం లేదు, ఒక ఫోన్ లేదు. ఒట్టి కడుపుతోని ఎండల నిలబడి ఇద్దరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోయిండ్రంట. టీకాకు నేను వ్యతిరేకం కాదు, అడిగితే నేనే తీస్కపోతుంటి. అడగకుంట ఏసినందుకు ఇప్పుడు మా అత్తగారు పొద్దుమాపు నన్నే అంటున్నది, రేపు వేరే ఏ సూదికీ ఆమె ఒప్పుకోదు.

గద్వాల వదిన | 10 మే
సుప్రీంకోర్టు మొన్న మే 2న అదే చెప్పింది గదా, ఎవ్వరికీ బలవంతంగ టీకా ఏయొద్దని. పిల్లల టీకాల ట్రయల్ (ముందుగాల కొందరికి ఏసి సూసిన పరీక్ష) వివరాలు జనానికి తెలిసేటట్టు పెట్టాలని గూడ అన్నది. పిల్లలకు టీకా వెయ్యాలన్న సర్కారు నిర్ణయాన్ని తప్పు అనలేదు. రెండూ ఒకే తీర్పుల ఉన్నయి, మనోళ్లు ఎవరికి కావల్సింది వాళ్లు చదువుతున్నరు.

దేవరకొండ నర్సమ్మ | 10 మే
నేను పీహెచ్‌సీల ఏఎన్ఎంగ 19 ఏండ్ల సంది చేస్తున్న. సూర్యాపేట చెల్లె చెప్పింది సదివి నాకు శానా బాధైంది, అది తప్పే. మాకు పైనుంచి టార్గెట్ ఉంటది, సీసా ఒకసారి తెరిస్తే కొన్ని గంటలల్లనే ఒడగొట్టాలె, పిల్లలు ఒక్కకాడ దొరికేది బడిలనే, అందుకని ఉరుకుతరు. కని తల్లికి చెప్పకుంట, తిన్నరా లేదా అడగకుంట ఎయ్యొద్దు. ఎండల ఒట్టి కడుపుతోని పిల్లగాడు భయపడితె కండ్లు తిరుగుతయి, ఒకరు పడితే ఎనక ఇద్దరు పడుతరు, అది మందు వల్ల కాదు. ఏసినంక అర్ధగంట కూసోబెట్టేది ఎందుకంటే, ఎక్కడనో ఒకరికి ఒళ్లు దద్దుర్లు వచ్చి ఊపిరి ఆడకపోతే అది నిమిషాలల్లనే తెలుస్తది, దానికి సూది మా దగ్గరనే ఉంటది. ఆ అర్ధగంట ఎవ్వరూ ఎగ్గొట్టొద్దు.

ఇంకో ముచ్చట. పిల్లలకు కరోనా చిన్నగనే వస్తది, నిజమే. కని తగ్గినంక రెండు నుంచి ఆరు వారాలల్ల కొందరికి జ్వరం విడువకుంట, కండ్లు ఎర్రగై, కడుపు నొప్పి వచ్చి గుండె దాకా పోయే రోగం ఉంటది, ఎంఐఎస్‌సి అంటరు. అరుదే. అట్లాంటి పిల్లగాన్ని నేను ఒక్కన్ని సూసిన, 108ల ఎక్కిచ్చి హైదరాబాద్ పంపినం, బతికిండు. తల్లి పోయేటప్పుడు పిల్లగాని చెప్పు ఒకటి చేతిల పట్టుకోని ఉంది, ఇంకోటి ఎక్కడ జారిపోయిందో తెల్వది.

పాలమూరు తమ్మీ, నిన్ను ఒకటి అడుగుత, కోపం తెచ్చుకోకు. నీ బిడ్డకు పదేండ్లకు ఏసే టీడీ సూది ఏపిచ్చినవా? ధనుర్వాతానికి, కంఠసర్పికి. కరోనా అని రెండేండ్లు అందరూ దవాఖాన్ల మొకం సూడలేదు, చిన్నపిల్లల ఎంఆర్ (తట్టు, రుబెల్లాకు), డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతానికి) బూస్టర్లు గూడ తప్పిపోయినయి. నాకు అసలు భయం దాని గురించే. కరోనా సూది మీద ఆలోచించు, టైం తీస్కో, వీటి మీద మాత్రం ఆలోచించకు.

పాలమూరు నాన్న | 10 మే
కోపమేం లేదమ్మా. టీడీ గురించి నాకు తెల్వదు, కార్డు ఎతికి సూస్త.

నల్గొండ అమ్మ | 12 మే
మీరందరు రాసింది నిన్న రాత్రి మా ఆయనకు సదివి వినిపిచ్చిన. మొత్తం విన్నడు. శానాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నడు, "మా అన్నకు ఏపిచ్చింది నేనే" అని.

మా బావగారు పోయినేడు ఏప్రిల్ ఆఖర్ల మొదటి డోసు ఏసుకున్నడు, ఈయననే బండి మీద ఎక్కిచ్చుకోని పోయిండు. నాలుగు రోజులకు జ్వరం, పన్నెండో రోజు ఆక్సిజన్ దొరకక పోయిండు. ఇన్నొద్దులు నాకు గూడ చెప్పుకోలేదు, సూది వల్లనే పోయిండని, తనే సంపినట్టని మనసుల పెట్టుకున్నడు. నర్సమ్మా, దీనికి మీరు ఏం చెప్తరు? నిజం చెప్పుండ్రి, ఊకె ఓదార్చకుండ్రి.

దేవరకొండ నర్సమ్మ | 12 మే
అమ్మా, సూది ఏసిన నాలుగు రోజులకు ఏ రక్షణా రాదు. మొదటి డోసుకు బలం రావాల్నంటే రెండు మూడు వారాలు పడుతది, పూర్తిగ రావాల్నంటే రెండో డోసు గూడ కావాలె. నాలుగో రోజు జ్వరం వచ్చి ఊపిరి ఆడకుంట అయిందంటే అప్పటికే కరోనా ఒంట్ల ఉన్నట్టే. సూది నుంచి కరోనా రాదు. అప్పుడు లైన్లు ఎట్లుండె, మనిషి మీద మనిషి, ఆ గుంపులనే అంటిందా ఇంకెక్కడన్నా అంటిందా నేను చెప్పలేను, ఎవ్వరూ చెప్పలేరు. కని మీ ఆయన తీస్కపోయింది అన్న బతకాలనే. ఈ మాట నా పేరు మీద చెప్పు. రేపు వచ్చి కలిసినా నేను కూసోని మాట్లాడుత.

గద్వాల వదిన | 12 మే
చెల్లె, ఆయనను తొందరపెట్టకు. మా ఇంట్ల గూడ ఒకరు పోయిండ్రు, మాట బయటికి రావడానికే ఏడాది పట్టింది.

నల్గొండ అమ్మ | 19 మే
నిన్న బుధవారం సబ్ సెంటర్ల ఏపిచ్చినం. పెరుగన్నం తినిపిచ్చి తీస్కపోయిన. ఆయన గూడ వచ్చిండు, సీసా చేతిల పట్టుకోని తారీఖు సదివిండు, "ఇది అన్నకు ఏసింది కాదు గదా" అని అడిగిండు, ఏఎన్ఎం అమ్మ ఓపికగ కాదని చెప్పి రెండు సీసాల తేడా చూపిచ్చింది. అర్ధగంట అని చెప్తే గంట కూసున్నడు. రాత్రి కొద్దిగ ఒళ్లు వెచ్చబడితే గోలి ఏసినం, పొద్దుగాలకు తగ్గింది, చెయ్యి మాత్రం ఇంకా లేపుతలేడు. రెండో డోసు 28 రోజులకంట, జూన్ 15, అది గూడ బుధవారమే. ఆయననే క్యాలెండర్ల ఎర్ర పెన్నుతోని గీసిండు.

పాలమూరు నాన్న | 21 మే
అక్కా సంతోషం. నర్సమ్మా, కార్డు దొరికింది, టీడీ ఖాళీగనే ఉండె, ఇయ్యాల శనివారం పోయి ఏపిచ్చిన. కరోనా సూది మీద నా మనసు ఇంకా ఒప్పుకోలేదు, కోర్టు చెప్పిన ట్రయల్ వివరాలు బయటపెడితే ఎవరన్నా ఇక్కడ చెప్పుండ్రి, నేను మొత్తం సదువుత.